రెల్లు ఆదివారం

గోదారికి ఎన్ని వరదలు వచ్చాయో గోదారే మర్చిపోయిన రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. పల్లెకి ఎదురుగా, నది నడుమ ఒక లంక ఉండేది. లంక అంటే తెలుసుగా పిల్లలూ, చుట్టూ నీళ్లు, మధ్యలో ఇసకా, ఒండ్రుమట్టీ. దాన్ని గువ్వలలంక అనేవాళ్లు. ఆ లంక మీద గడ్డి కోసుకుని బతికే మనిషి ఒకామె ఉండేది. ఆమె పేరు ఆదెమ్మ.

ఆదెమ్మకి మొగుడు పోయాడు. పిల్లలు పుట్టలేదు. ఆమెకి ఉన్నవి మూడే. ఒక కొడవలి, ఒక తలగుడ్డ, ఒక పాక. పొద్దున్నే పెంటయ్య పడవెక్కి లంకకి వెళ్లేది. పొద్దు వాలేసరికి మోపులతో తిరిగొచ్చేది. పచ్చగడ్డి అయితే గేదెలకి, ఎండు రెల్లయితే ఇళ్ల కప్పులకి. ఆ పల్లెలో ఏ పాకలో పడుకుని పైకి చూసినా కనిపించేది ఆదెమ్మ కోసిన రెల్లే.

రెల్లు శరత్తులో పూస్తుంది. శరత్తు అంటే వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా గుమ్మం తొక్కని రెండు నెలలు. ఆశ్వయుజం, కార్తీకం. ఆదెమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒకటే చూస్తోంది. వరద వచ్చేది. లంక మునిగేది. ఎర్రటి నీళ్ల మీద చెట్లు, పశువులు, ఎవరివో ఇంటి తలుపులు కొట్టుకుపోయేవి. అక్కడ ఒక లంక ఉండేదని చెబితే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కాదు. తర్వాత వరద పోయేది. ఎరుపు విరిగి నీళ్లు తేటపడేవి. ఆకాశం ఉతికి ఆరేసినట్టు ఉండేది. ఒండ్రులోంచి సూదుల్లాగా రెల్లు లేచేది. ఒక పొద్దున చూద్దురు కదా, లంకంతా తెలుపు! పాలు పొంగినట్టు తెలుపు.

ఆ తెలుపు చూసినప్పుడల్లా ఆదెమ్మ గుండెలో ఏదో వెలితిగా ఉండేది. అది సంతోషమూ కాదు, ఏడుపూ కాదు. వండిపెట్టిన చెయ్యి ఎవరిదో తెలియకుండా కడుపునిండా అన్నం తిన్నట్టు ఉండేది.

"ఎవరు చేస్తున్నార్రా పెంటయ్యా ఇదంతా?" అని అడిగేది.

"ఏదక్కా?"

"ఇదే. ఈ తెలుపు."

"ఎవరు చేస్తారు? గడ్డి కదా, పూసుద్ది. నీకు పనీపాటా లేక ఇలాంటివి తోస్తాయి."

"పనుండబట్టేరా అడుగుతున్నా. రేపట్నుంచి ఇదంతా కొయ్యాల్సింది నేనేగా. ఎవరిదో తెలీకుండా, అడక్కుండా, ఎలా కోసేది?"

పెంటయ్య నవ్వి తెడ్డు వేసేవాడు. ఆదెమ్మ ఎవరో తెలియని వాళ్లకి ఒక దండం పెట్టి కోతకి దిగేది.

అలా ఉండగా, ఒక ఏడు ఆ పల్లెకి జెకర్యా అనే ఉపదేశి వచ్చాడు. ఉపదేశి అంటే, పాస్టరు అయ్యగారు ఊళ్లో లేని రోజుల్లో సంఘాన్ని కనిపెట్టుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి ప్రార్థన చేయించేవాడు. ఊరి చివర ప్రార్థన పాక కట్టారు. కప్పుకి రెల్లు కావాలి కదా మరి. ఆదెమ్మ మోపు నెత్తినపెట్టుకుని వచ్చేసరికి ఉపదేశి పనివాళ్లకి చెబుతున్నాడు.

"రేపటి గురించి అంత బెంగ దేనికయ్యా? పొలంలో గడ్డికి బట్టలు కట్టే తండ్రి, మనకి కట్టడా?"

ఆదెమ్మ మోపు అక్కడే పడేసింది.

"ఏ గడ్డికండీ?"

"ఏ గడ్డికైనానమ్మా."

"రెల్లుక్కూడానా?"

"రెల్లుక్కూడా."

"ఆయన పేరేంటండీ?" అంది ఆదెమ్మ. అడిగి రెండడుగులు ముందుకొచ్చింది. నలభై ఏళ్లుగా దండం పెడుతున్నవాళ్ల పేరు మొదటిసారి వినబోతోంది మరి.

ఆ రోజునుంచి ఆదెమ్మ ప్రతి ఆదివారం వచ్చేది. కానీ ఆ పాకలో ఒక కట్టుబాటు ఉండేది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు లోపల చాపల మీద కూర్చోవాలి. తీసుకోనివాళ్లు గుమ్మం బయట. ప్రార్థన మొదలెట్టేముందు ఉపదేశి సంఘం పుస్తకం తీసి పేర్లు పిలిచేవాడు, బళ్లో పంతులు హాజరు పిలిచినట్టు.

"యోబూ." "ఉన్నాను."

"రాహేలూ." "ఉన్నాను."

"సీమోనూ." "ఉన్నాను."

చివరి పేరు కాగానే పుస్తకం మూసేవాడు. గుమ్మం బయట ఆదెమ్మ పెదవులు "ఉన్నాను" అనడానికి విడివడి, మళ్లీ కలుసుకునేవి.

"నా పేరు ఎప్పుడు పిలుస్తారండీ?" అని అడిగింది ఒకరోజు.

"బాప్తిస్మం అయ్యాక పిలుస్తాం. ఏడాదికోసారి పరంజ్యోతి అయ్యగారు వస్తారు. పది ప్రశ్నలు వేస్తారు. పదింటికీ జవాబు చెప్పాలి. ఇది నేను పెట్టింది కాదు ఆదెమ్మా, పద్ధతి."

"చెబుతానండి," అంది ఆదెమ్మ.

వరద వచ్చింది. వరద పోయింది. రెల్లు పూసింది. పరంజ్యోతి అయ్యగారు పడవ దిగారు. నల్లకోటు, తెల్లపంచె, చేతిలో గొడుగు. ఆదెమ్మని పిలిచి నిలబెట్టారు. లోకాన్ని చేసింది ఎవరన్న మొదటి ప్రశ్న ఎలాగో దాటింది. రెండోది వేశారు.

"దేవుడు ఎక్కడున్నాడు?"

పుస్తకంలో జవాబు 'అంతటా ఉన్నాడు' అని. ఉపదేశి వందసార్లు చెప్పాడు. కానీ అయ్యగారి గొంతు వినగానే ఆదెమ్మకి అది ఎగిరిపోయింది. ఉన్నమాట చెప్పేసింది.

"నిన్న పొద్దున్న లంక మీద ఉన్నాడండి. ఇయ్యాళ నేనింకా అటు పోలేదు."

పాకంతా ఒకటే నవ్వు. రాహేలు పైటచెంగు నోట్లో కుక్కుకుంది. "మరి సాయంత్రానికి ఏ రేవులో దిగుతాడో కూడా అడగండి అయ్యగారూ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

అయ్యగారు చెడ్డవారేం కాదు. "వచ్చే ఏడు చూద్దాంలే ఆదెమ్మా," అన్నారు.

ఆదెమ్మ ఊరుకోలేదు. ఆమెకి ఒక అలవాటుంది. ఒక్కో మోపు కోశాక, గుర్తుకి ఒక రెల్లుపుల్లకి ఒక ముడి వేసేది. జవాబులకీ అలాగే చేసింది. పది జవాబులు, పది ముళ్లు. ముడి వేలికి తగలగానే మాట నోటికి రావాలి. కొడవలి ఆడిస్తూ అప్పజెప్పేది. పడవలో అప్పజెప్పేది. గంజి కాచుకుంటూ అప్పజెప్పేది. పెంటయ్యకి కూడా పదీ వచ్చేశాయంటే చూడండి.

వరద వచ్చింది. వరద పోయింది. రెల్లు పూసింది. అయ్యగారు వచ్చారు. ఆ రోజు ఆయనకి ఇంకా మూడు ఊళ్లు తిరగాలి. తొందరలో ఉండి నాలుగో ప్రశ్న నుంచి మొదలెట్టారు.

"లోకంలోకి పాపాన్ని తెచ్చింది ఎవరు?"

ఆదెమ్మ వేలు మొదటి ముడి మీద ఉంది. మొదటి జవాబు గట్టిగా, ధైర్యంగా చెప్పింది.

"దేవుడండి!"

ఉపదేశి తల పట్టుకున్నాడు. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని తర్వాతి ప్రశ్న వేశారు. "సాతాను ఎక్కడుంటాడు?"

రెండో ముడి. "అంతటా ఉన్నాడండి!"

"ఆ ఒక్కటీ నిజమేలే," అంది రాహేలు. పాక కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

ఆ వైపు ఇప్పటికీ, అర్థం తెలియకుండా అప్పజెప్పే పిల్లల్ని "ముడి చూసి చెప్పకురా" అని కేకలేస్తారు. ఆ మాట పుట్టింది ఆ రోజే.

"వచ్చే ఏడు చూద్దాంలే ఆదెమ్మా," అన్నారు అయ్యగారు.

మర్నాడు లంక నుంచి తిరిగొస్తుంటే పడవలో పెంటయ్య అన్నాడు, "ఎందుకక్కా నీకీ బాధ? నన్ను చూడు. ఏటికి ఒక దండం పెట్టి పడవెక్కుతా. అది నన్ను ప్రశ్నలడగదు, నేను దాన్ని అడగను."

"ఏరు ఎప్పుడైనా నిన్ను పేరు పెట్టి పిలిచిందా?"

"ఏరెందుకు పిలుసుద్ది?"

"నాకు పిలిపించుకోవాలనుందిరా. అమ్మ పోయాక నన్ను ఊరికే, ఏ పనికీ కాకుండా పిలిచినవాళ్లు లేరు. ఆదెమ్మా మోపు తే, ఆదెమ్మా కప్పు కారుతోంది. అంతేగా. ఆయన పాకలో, ఆయన పుస్తకంలోంచి, ఒక్కసారి పిలిస్తే 'ఉన్నాను' అనాలి. అంతే నా కోరిక."

పెంటయ్య తెడ్డు ఆపి, వెనక్కి తిరిగి లంకవైపు చూశాడు.

మూడో ఏడు వరద పెద్దది. ఆదెమ్మకి జ్వరం పట్టుకుంది. వరద తీసినా జ్వరం పూర్తిగా తియ్యలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. "ఈ ఏడు కాకపోతే నాకింకో ఏడు లేదురా," అంది పెంటయ్యతో. అయినా రెల్లు పూసిందని తెలిసి లంకకి వెళ్లకుండా ఉండలేకపోయింది.

పరంజ్యోతి అయ్యగారు ఆ ఏడు శుక్రవారం వచ్చారు. ఆయన్ని దాటించేది పెంటయ్య పడవే. గోదారిలో ప్రతి ఇసక మేటా పెంటయ్యకి అరచేతిలో గీత. అలాంటిది ఆ రోజు పడవ నేరుగా వెళ్లి గువ్వలలంక ఒడ్డున ఇసకలో కూరుకుపోయింది.

"అయ్యో, చూసుకోలేదండి," అన్నాడు పెంటయ్య, ఏమీ ఎరగనట్టు. "మీరు దిగి అలా నీడన కూర్చోండి. నేను ఈదుకుంటూ పోయి అవతల నుంచి మనుషుల్ని తెస్తా."

అయ్యగారు దిగారు. నాలుగువైపులా నిలువెత్తు తెలుపు. తూనీగలు ఎండలో మెరుస్తున్నాయి. రెల్లుకంకి మీద వాలిన చిన్నపిట్ట బరువుకి కంకి వంగి, అది ఎగరగానే మళ్లీ లేస్తోంది. ఆయన ఇవేవీ చూడలేదు. ఇసక మీద కూలబడి తల వంచుకున్నారు.

కొడవలి పట్టుకుని వస్తున్న ఆదెమ్మ ఆయన్ని చూసి కంగారుపడింది.

"ప్రశ్నలు ఇక్కడే అడుగుతారాండీ? ముళ్ల పుల్ల ఇంటిదగ్గర ఉండిపోయిందండి!"

"అడగనమ్మా," అన్నారు అయ్యగారు. "నా దగ్గర ఒకటే ప్రశ్న ఉంది. అది పుస్తకంలోది కాదు. ఈ వానాకాలం మా పాప పోయింది. ఆరేళ్లది. అప్పట్నుంచి ఊరూరా తిరిగి అందరికీ జవాబులు చెబుతున్నాను. ఒక్కటీ నా చెవికి ఎక్కడం లేదు. నువ్వు చెప్పు ఆదెమ్మా. దేవుడు ఎక్కడున్నాడు?"

ఆ ప్రశ్నకి జవాబు రెండో ముడే. ఈసారి ఆదెమ్మకి అది బాగా గుర్తుంది. కానీ చెప్పబుద్ధి కాలేదు. పిల్ల పోయిన మనిషికి ముడి చూసి ఏం చెబుతాం?

ఆమె ఇసకలో మోకాళ్ల మీద కూర్చుంది. కొడవలి కొనతో ఒక రెల్లుదుబ్బు మొదట్లో తవ్వింది. తెల్లటి వేరు బయటపడింది.

"ఇది చూడండి. వరదంతా ఇది నీళ్ల కిందే ఉందండి. ఇప్పుడు మనం కూర్చున్న చోట రెండు నిలువుల నీళ్లు. ఒడ్డునుంచి చూసి లంకే లేదనుకున్నాం. ఏటా చూసేదాన్ని, నేనే అనుకున్నాను, ఈసారి ఇంక లేవదేమోనని."

అయ్యగారు వేరు వైపే చూస్తున్నారు.

"ఉపదేశి గారు చెప్పారండి, ఆ తండ్రి కొడుకుని కూడా చంపి, మట్టిలో పెట్టి, రాయి అడ్డం పెట్టారంట. మూడోనాడు లేచాడంట. అది నమ్మడం కష్టమని లోపల చాపల మీద కూర్చున్నవాళ్లే గుసగుసలాడుకుంటారు. నాకు కష్టం అవలేదండి. లేవడం నేను ఏటా చూస్తున్నాగా." ఆదెమ్మకి ఆయాసం వచ్చింది. ఆగి ఊపిరి తీసుకుంది. "అంతటా ఎలా ఉంటాడో నాకు తెలీదండి. వరదప్పుడు ఈ వేరు దగ్గర ఉన్నాడని మాత్రం తెలుసు. గడ్డి దగ్గర ఉన్నవాడు, పాప దగ్గర ఉండడాండీ?"

అప్పుడు పరంజ్యోతి అయ్యగారు ఏడ్చారు. వానాకాలమంతా ఏడవనిది ఆ రోజు ఏడ్చారు. ఆదెమ్మ ఊరుకోమనలేదు. తలగుడ్డ విప్పి ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. గాలికి రేగిన రెల్లునూగు ఆయన నల్లకోటు మీద వాలి, కోటు సగం తెల్లబడింది. ఆయన తలెత్తి చూశారు. అప్పుడు కనిపించింది ఆయనకి లంక.

"పద," అన్నారు లేచి. "ఏరు ఇక్కడే ఉంది. ఇప్పుడే నీకు బాప్తిస్మం ఇస్తాను. ఏ పేరు కావాలి? మరియా? మార్తా?"

"నా పేరే చాలండి. ఇన్నాళ్లూ ఆయన నన్ను చూసింది ఆ పేరుతోనేగా. కానీ ఇక్కడొద్దండి."

"ఎందుకు?"

"ఇక్కడ వినేవాళ్లెవరున్నారండీ? అందరూ ఉండాలి. గుమ్మం దాటి, చాప మీద కూర్చుని, మీరు పిలిస్తే 'ఉన్నాను' అనాలి."

"ఎల్లుండి ఆదివారం," అన్నారు అయ్యగారు. "నీ పేరే మొదట పిలుస్తాను. బాప్తిస్మం ఆ వెంటనే."

ఆదెమ్మ ఆ రెండు రోజులూ జ్వరం ఊసే ఎత్తలేదు. ఉన్న ఒక్క మంచి చీర ఉతికి ఆరేసింది. శనివారం పడవలో గొంతు సవరించుకుంది.

"ఉన్నాను. ఎలా ఉందిరా?"

"చీమకి కూడా వినపడలా. గట్టిగా అనక్కా."

"ఉన్నానూ!" అని అరిచింది ఆదెమ్మ. రెల్లులోంచి పిట్టలు గుంపుగా లేచాయి. ఇద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి ఆదెమ్మ దగ్గింది.

ఆదివారం తెల్లవారగానే మళ్లీ పడవ దగ్గరికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది.

"ఉత్త చేతుల్తో ఎలా పోతాన్రా లోపలికి? నాలుగు రెల్లుపూలు తెచ్చుకుంటా. దింపి, నువ్వు పోయి గంజి తాగిరా."

పెంటయ్య దింపి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఒక దుబ్బుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒడినిండా పూలు. మొహం పొద్దువైపు. నిద్రపోతోందనుకుని, "అక్కా, వేళైంది లే," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి అనలేదు.

ప్రార్థన పాకలో జనం నిండారు. ఆదెమ్మ కోసం ముందు వరసలో ఒక చాప వేసి ఉంచారు. పరంజ్యోతి అయ్యగారు పుస్తకం తీశారు.

"ఆదెమ్మా," అని పిలిచారు.

ఎవరూ పలకలేదు.

"ఆదెమ్మా."

జనం అటూ ఇటూ చూసుకున్నారు. "ముళ్ల పుల్ల వెతుక్కుంటోందేమో," అని రాహేలు అంది గానీ, ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆదెమ్మా."

అప్పుడే పెంటయ్య పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మం బయట ఆగాడు. ఎన్నడూ ఆ పాక ఛాయలకి రానివాడు. 'పోయింది' అని చెప్పడానికే వచ్చాడు. దారంతా ఆ మాటే నోట్లో పెట్టుకుని వచ్చాడు. కానీ ఆ పిలుపు చెవిన పడేసరికి ఆ మాట నోరు దాటలేదు.

"ఉందండి," అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగారు. వాడి జుట్టునిండా రెల్లునూగు. చెంపలు తడి. అడగక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది.

సీమోను అనే పెద్దాయన పుస్తకం వైపు చూశాడు. "అయ్యగారూ, బాప్తిస్మం కాలేదు. మనిషీ లేదు. పుస్తకంలో ఎలా రాస్తారండీ?"

అయ్యగారు మాట్లాడేలోపే జెకర్యా ఉపదేశి లేచాడు. "పద్ధతి పద్ధతి అని మూడేళ్లు ఆమెని ఈ గుమ్మం బయట కూర్చోబెట్టింది నేను. మన నెత్తిమీద కప్పు ఆమెది. ఆమె మాత్రం ఎండలో కూర్చుంది. రాయండి అయ్యగారూ."

అయ్యగారు రాశారు. అందరి పేర్లకీ పైన, మొదటి వరసలో రాశారు.

ఆమెని లంక మీదే పెట్టారు. "వరదొస్తే సమాధి మునిగిపోదూ?" అని ఎవరో అంటే పెంటయ్యే జవాబు చెప్పాడు. "మునగనీండి. మునగడం ఆవిడకి కొత్తా?"

ఆ పాక పోయి పెంకుటిల్లు వచ్చింది. పెంకుటిల్లు పోయి మేడ గుడి వచ్చిందంటారు. కానీ ఆ పల్లెలో, వరద పోయి రెల్లు పూసిన మొదటి ఆదివారాన్ని రెల్లు ఆదివారం అనే అంటారు. ఆ రోజు ఎవరికీ ప్రశ్నలుండవు. అయ్యగారు పుస్తకం తీసి మొదట "ఆదెమ్మా" అని పిలుస్తారు. లోపల కూర్చున్నవాళ్లు, ఎంత పెద్దవాళ్లైనా సరే, పలక్కూడదు. గుమ్మం బయట ఉన్నవాళ్లెవరో పలకాలి. ఏ కులమో, ఏ దేవుడో అడగరు. వాళ్లు "ఉంది" అనాలి. అన్నవాళ్ల పేరు కనుక్కుని, ఆ పేరుతో పిలిచి, చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకొచ్చి ముందు చాప మీద కూర్చోబెడతారు.

కొన్నేళ్లు గుమ్మం బయట ఎవరూ ఉండరు. అప్పుడు తలుపులు బార్లా తీసిపెట్టి, అందరూ దారివైపు చూస్తూ కూర్చుంటారు. ఒక ఏడు మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నారట. చివరికి బాతులు తోలుకుపోయే ఒక ముసలాయన మంచినీళ్ల కోసం వచ్చి, సంగతి విని, తెల్లబోయి, "ఉందండి" అన్నాడట.

అంతదాకా పుస్తకం మూయరు. అంతదాకా ఎవరూ పాట ఎత్తుకోరు.